ఎంసిస్ మోడల్: వేడెక్కడం తెలుసు, చల్లారడం తెలియదు

చిన్న ఉపగ్రహాల కక్ష్యలు లెక్కగట్టడం నా పని. ఆ పనిలో రోజూ చేతికి తగిలే సాధనాలు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో నేను ఎక్కువగా వాడేది, ఎక్కువగా తిట్టుకునేది, అయినా వదిలిపెట్టలేనిది ఎంసిస్ అనే వాతావరణ మోడల్. పూర్తి పేరు ఎన్‌ఆర్‌ఎల్‌ఎంసిస్. అమెరికా నౌకాదళ పరిశోధనశాల దీన్ని నిర్వహిస్తోంది, పరిశోధనకు వాడుకునేవారు పైసా కట్టనక్కర్లేదు. తేదీ, సమయం, ఎత్తు, అక్షాంశం, రేఖాంశం ఇచ్చి, వాటితోపాటు సూర్యుడి స్థితిని తెలిపే అంకెలు, భూ అయస్కాంత క్షేత్రపు అలజడిని తెలిపే అంకెలు అందిస్తే, అక్కడ గాలి ఎంత వేడిగా ఉందో, ఎంత పల్చగా ఉందో, అందులో ఏ వాయువు ఎంత పాలు ఉందో చెబుతుంది. నేల నుంచి వాతావరణపు చిట్టచివరి పొర అయిన ఎక్సోస్ఫియర్ అంచు దాకా ఏ ఎత్తుకైనా జవాబు ఇస్తుంది.

మామూలు రోజుల్లో దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. భూ అయస్కాంత తుఫాను, అంటే సూర్యుడి నుంచి వచ్చిన కణాల ఉధృతి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసే ఘటన, వచ్చినప్పుడు, మరీ ముఖ్యంగా అది వెళ్లిపోయిన మర్నాడు, ఈ మోడల్ ఎలా నడుచుకుంటుందన్నదే ఇక్కడ నా విషయం. ముందే చెప్పేస్తాను: తుఫాను వేడికి ఐదులో నాలుగు మార్కులు, ఆ తరువాతి చల్లదనానికి ఒకటిన్నర.

వంశం పాతది. నాసా గొడార్డ్ కేంద్రంలో అలన్ హెడిన్ 1970లలో మొదలుపెట్టిన పని ఇది. ఉపగ్రహాల్లోని మాస్ స్పెక్ట్రోమీటర్ల (ఏ వాయువు ఎంత ఉందో తేల్చే పరికరాల) కొలతలు, నేలమీది భారీ రాడార్ల కొలతలు కలిపి, వాటికి సరిపడే గణిత సూత్రాలు అల్లారు. 1986లో ఒక రూపం, 1990లో మరొకటి వచ్చాయి. ఆ తరువాత నౌకాదళ పరిశోధనశాల చేతిలో ఎన్‌ఆర్‌ఎల్‌ఎంసిస్‌ఈ-00 అనే రూపం తయారైంది. ఇవాళ్టికీ ఎక్కువ మంది కంప్యూటర్లలో ఉన్నది అదే. 2020 చివర్లో 2.0, 2022లో 2.1 వచ్చాయి. ఇవన్నీ అనుభవంతో చెప్పే మోడళ్లు. ఇంతకుముందు ఇలాంటి రోజున గాలి ఇలా ఉండేది కాబట్టి ఇప్పుడూ ఇలాగే ఉంటుందనేదే వాటి తర్కం. లోపల వేడి ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతుందనే జమాఖర్చు ఏదీ ఉండదు. ఈ సంగతి గుర్తుంటే తరువాత వచ్చే నిరాశ కొంత తగ్గుతుంది.

కొత్తగా వాడేవారు మొట్టమొదట చూడాల్సింది తొమ్మిదో స్విచ్చు. మోడల్‌లో కొన్ని భాగాలను ఆన్, ఆఫ్ చేసే స్విచ్చుల వరుస ఉంటుంది. తొమ్మిదోది భూ అయస్కాంత ప్రభావానిది. దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే విలువ 1 ఉంటుంది, అప్పుడు మోడల్ రోజు మొత్తానికి ఒకే ఒక సగటు ఏపీ సూచికను, అంటే భూ అయస్కాంత అలజడిని కొలిచే అంకెను, తీసుకుంటుంది. అంటే సాయంత్రం ఆరు గంటలకు విరుచుకుపడిన తుఫాను ఆ రోజంతా పల్చగా పరుచుకున్నట్టు లెక్క. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉన్న గాలికి తుఫాను వేడి అంటగడుతుంది, రాత్రి నిజంగా ఉడుకుతున్న గాలికి సగం వేడే ఇస్తుంది. ఆ స్విచ్చును -1 చేస్తే మోడల్ తుఫాను బాణీలోకి మారుతుంది. అప్పుడు ఏడు అంకెలు అడుగుతుంది: రోజు సగటు, ఇప్పటి మూడు గంటల విలువ, అంతకు 3, 6, 9 గంటల ముందటి విలువలు, 12 నుంచి 33 గంటల ముందటి సగటు, 36 నుంచి 57 గంటల ముందటి సగటు. పైథాన్‌లో పైఎంసిస్ ప్యాకేజీ వాడేవారికీ ఇదే మెలిక ఉంది, అక్కడ భూ అయస్కాంత చర్య అనే ఐచ్ఛికానికి -1 ఇవ్వాలి. ఇంత ముఖ్యమైన విషయం మనం ముట్టుకోకపోతే ఆపేసి ఉండడం నాకు ఎప్పటికీ కొరుకుడు పడదు. తుఫాను రోజున ఎంసిస్ పనికిరాదని మా రంగంలో వినిపించే మాటల్లో కొన్నింటికి మూలం ఈ స్విచ్చే అయి ఉంటుందని నా అనుమానం.

స్విచ్చు సరిచేశాక వేడి సంగతి చూద్దాం. సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) మోసుకొచ్చిన శక్తి ధ్రువ ప్రాంతాల్లో, ధ్రువజ్యోతులు మెరిసే అరోరా వలయం వెంబడి, విద్యుత్ ప్రవాహాలుగా దిగుతుంది. విద్యుదావేశం ఉన్న అయాన్లు క్షేత్రం లాగినట్టు పరుగెడుతూ, ఆవేశం లేని అణువులకు గుద్దుకుంటాయి. ఆ రాపిడిలో పుట్టేదే జూల్ తాపం. 120 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో దీని జోరు ఎక్కువ. సాధారణంగా థర్మోస్ఫియర్‌ను, అంటే ఉపగ్రహాలు తిరిగే ఎగువ వాతావరణ పొరను, వేడిచేసేది సూర్యుడి అతినీలలోహిత కిరణాలే. పెద్ద తుఫానుల్లో మాత్రం కొన్ని గంటలపాటు ఈ జూల్ తాపమే వాటిని దాటిపోతుంది. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో మునుపు లేని గాలి కింది నుంచి పైకి వచ్చి చేరుతుంది, సాంద్రత కొన్ని రెట్లు పెరుగుతుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ఉపగ్రహానికి ఆ కాస్త గాలి చాలు, కక్ష్య జారిపోవడానికి. ఈ సంబంధాన్ని ఖగోళ శాస్త్రవేత్త లుయిజీ జాకియా 1959లోనే పట్టుకున్నారు, అప్పటికి అంతరిక్షంలో ఉపగ్రహాలు పట్టుమని పది కూడా తిరగడం లేదు.

ఈ ఉబ్బు ఎంత అన్నది ఎంసిస్ మొత్తం మీద బాగానే పట్టుకుంటుంది. భూగోళమంతటి సగటు, రోజుకు ఎంత కక్ష్య జారుతుందన్న లెక్క దానికి చక్కగా వస్తాయి. పరమాణు ఆక్సిజన్ తగ్గి నైట్రోజన్ పెరిగే కూర్పు మార్పును కూడా చూపిస్తుంది. అలల దగ్గరే అందుకోలేదు. ధ్రువాల దగ్గర ఒక్కసారిగా పడిన వేడి సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో అలలుగా భూమధ్యరేఖ వైపు సాగి, మూడు నాలుగు గంటల్లో అక్కడికి చేరుతుంది. ఛాంప్, గ్రేస్ ఉపగ్రహాల్లోని త్వరణమాపకాలు ఈ అలలను స్పష్టంగా నమోదు చేశాయి. ఎంసిస్ చూపే చిత్రం మాత్రం ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంటుంది. మూడు గంటలకు ఒక్క అంకె తీసుకునే మోడల్ మూడు నాలుగు గంటల్లో భూమధ్యరేఖ చేరే అలను ఎలా చూస్తుంది?

ఆ అంకెకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఏపీకి మూలమైన కేపీ సూచికను ప్రపంచంలోని 13 అయస్కాంత పరిశీలనాకేంద్రాల కొలతల నుంచి జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న జీఎఫ్‌జెడ్ కేంద్రం లెక్కగడుతుంది. అది 9 దగ్గర ఆగిపోతుంది. దాని నుంచి తీసే ఏపీ 400 దగ్గర ఆగిపోతుంది. 2003 అక్టోబరు చివరి తుఫానులోనూ ఇది 400 తాకింది, 2024 మే 10, 11 తేదీల తుఫానులోనూ 400 తాకింది. శిఖరం దగ్గర ఎంసిస్‌కు రెండూ ఒకటే. జీఎఫ్‌జెడ్ వారే ఇప్పుడు పైకప్పు లేని, అరగంటకొకసారి వచ్చే సూచికను కూడా ఇస్తున్నారు. దాన్ని ఎంసిస్‌కు తిన్నగా తినిపించాలని నాకు చాలాసార్లు చెయ్యి దురద పుట్టింది. మోడల్‌ను అమర్చింది మూడు గంటల ఏపీతో కాబట్టి ఆ పని చెయ్యకపోవడమే మంచిది.

చిన్న తుఫానులను తక్కువగా చూడవద్దని 2022 ఫిబ్రవరి చెప్పింది. ఆ నెల 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులో వదిలింది. మర్నాడు ఓ మోస్తరు తుఫాను వచ్చింది. గాలి ఈడ్పు అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే యాభై శాతం దాకా పెరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. నలభై దాకా ఉపగ్రహాలు పైకి ఎక్కలేక కాలిపోతాయని కూడా చెప్పింది. ఇలాంటి మధ్యస్థ తుఫానును రోజు సగటు ఏపీలో వెదికితే కంటికి ఆనదు. మళ్లీ తొమ్మిదో స్విచ్చు దగ్గరికే వస్తున్నాం.

ఇక చల్లారడం. నా గొడవంతా దీని మీదే.

తుఫాను గాలిని వేడిచేయడంతో ఊరుకోదు, దాన్ని చల్లార్చే సరుకును కూడా తానే తయారుచేస్తుంది. అరోరా ఎలక్ట్రాన్లు నైట్రోజన్ అణువులను విరగ్గొడతాయి. ఉత్తేజితమైన నైట్రోజన్ పరమాణువు ఆక్సిజన్ అణువుతో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్‌కు ఆక్సిజన్ పరమాణువులు గుద్దుకున్నప్పుడు అది కంపించి, 5.3 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో పరారుణ కాంతిగా ఆ శక్తిని వదిలేస్తుంది. అందులో చాలా భాగం అంతరిక్షంలోకి పోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే ఈ కంపనం అంత ఎక్కువ, పైగా ఆ పెరుగుదల చాలా నిటారుగా ఉంటుంది. దీని ప్రాముఖ్యాన్ని గాస్టన్ కోకార్ట్స్ 1980లోనే లెక్కగట్టి చూపించారు. 2001 డిసెంబరులో ప్రయోగించిన టైమ్డ్ ఉపగ్రహంలోని సేబర్ పరికరం 2002 ఏప్రిల్ తుఫానుల్లో దీన్ని కళ్లకు కట్టింది. మార్టిన్ మ్లిన్‌చాక్ బృందం దీనికి సహజ థర్మోస్టాట్ అని పేరు పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ కూడా 15 మైక్రోమీటర్ల దగ్గర తన వంతు వేడిని పంపిస్తుంది కానీ, తుఫాను వేళ నైట్రిక్ ఆక్సైడ్ విజృంభించినంతగా అది విజృంభించదు.

చిక్కు ఏమిటంటే, ఇంట్లో పొయ్యి ఆర్పేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉన్నట్టు, తుఫాను ఆగినా నైట్రిక్ ఆక్సైడ్ వెంటనే పోదు. ఒక రోజు, ఇంకా ఎక్కువ కాలం కూడా మిగిలి ఉండి, వేడిని బయటికి పంపిస్తూనే ఉంటుంది. ఫలితంగా థర్మోస్ఫియర్ తుఫానుకు ముందున్న స్థితికి వచ్చి ఆగదు, ఇంకా కిందికి దిగుతుంది. గాలి ముందుకంటే చల్లగా, పల్చగా అవుతుంది. 2003 అక్టోబరు తుఫానుల తరువాత సరిగ్గా ఇదే జరిగిందని ఉపగ్రహ కొలతలతో పరిశోధకులు నిరూపించారు. డెలోరెస్ నిప్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. ముందు భాగంలో ఆఘాత తరంగం ఉండి వచ్చే తుఫానుల్లో నైట్రిక్ ఆక్సైడ్ త్వరగా, ఎక్కువగా తయారై, వేడి పెరుగుదలనే మధ్యలో తొక్కేస్తుందని చూపింది. అంటే చూడటానికి భయంకరంగా కనిపించే తుఫాను గాలిని అనుకున్నంత ఉబ్బించకపోవచ్చు.

ఇప్పుడు ఎంసిస్‌కు ఉన్న జ్ఞాపకం చూడండి: 57 గంటల పాత ఏపీ విలువలు. అవన్నీ ఒకే వైపు నెట్టే అంకెలు. నిన్న తుఫాను ఉందంటే ఇవాళ ఇంకా కొంత వేడి మిగిలి ఉందని అర్థం చేసుకుంటుంది. ఆ మిగులు క్రమంగా సున్నాకు వస్తుంది, గాలి మళ్లీ ప్రశాంత స్థితికి చేరుతుంది. సున్నాకు దిగువకు వెళ్లే దారి ఆ సూత్రంలో లేదు. నిజమైన గాలి పాత మట్టం దాటి కిందికి పోతుంటే మోడల్ గాలి ఇంకా పైనుంచి నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. రెండింటి మధ్య ఎడం పెరిగేది తుఫాను ముదిరినప్పుడు కాదు, అందరూ హమ్మయ్య అనుకున్న తరువాత.

2.1 రూపంలో నైట్రిక్ ఆక్సైడ్ చేరిందని విన్నప్పుడు నాకు ఆశ పుట్టింది. చేరిన మాట నిజమే, అయితే అది ఫలితాల పట్టికలో ఒక కొత్త గడిగా చేరింది. ఏ ఎత్తులో ఎంత నైట్రిక్ ఆక్సైడ్ ఉందో చెబుతుంది, ఆ నైట్రిక్ ఆక్సైడ్ ఉష్ణోగ్రతను తగ్గించదు. ముందే చెప్పినట్టు ఇందులో శక్తి జమాఖర్చు లేదు. వాతావరణ రసాయనం చదివేవారికి ఆ గడి నిజంగా విలువైనదే. కక్ష్యలు చూసుకునే నాకు మాత్రం మందు సీసా ఉంది, మూత తెరుచుకోదు. 2.0 విషయంలోనూ అంతే. కింది పొరల్లో గొప్ప మెరుగుదల ఉంది, పరమాణు ఆక్సిజన్ లెక్క 50 కిలోమీటర్ల దాకా దిగింది. థర్మోస్ఫియర్‌లో నైట్రోజన్, ఆక్సిజన్ సాంద్రతలు కొంత తగ్గాయి, మిగతాదంతా చాలావరకు పాత 00 రూపమే. తుఫాను కోసమే కొత్త రూపానికి మారాలనుకునేవారు తొందరపడనక్కర్లేదు.

ఈ లోపం పనిలో ఎక్కడ బయటపడుతుందంటే, ఈడ్పు గుణకంలో, అంటే గాలి ఉపగ్రహాన్ని ఎంతగా వెనక్కి లాగుతుందో చెప్పే అంకెలో. కక్ష్య సమీకరణంలో గాలి సాంద్రత, ఉపగ్రహపు ఈడ్పు గుణకం ఒకదానితో ఒకటి గుణించి ఉంటాయి, దేని వాటా ఎంతో కొలతలకు తెలియదు. కాబట్టి మోడల్ సాంద్రతలో ఏ తప్పున్నా, కొలతలకు కక్ష్యను సరిపెట్టేటప్పుడు అదంతా చడీచప్పుడు లేకుండా గుణకంలోకి దూరిపోతుంది. తుఫాను రోజుల కొలతలు కలిపి సరిపెడితే, మోడల్ అందుకోని వేడి గుణకాన్ని ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బిన గుణకంతో రేపటి లెక్క వేస్తాం. రేపు నిజమైన గాలి పల్చబడుతుంది, మోడల్ గాలి పల్చబడదు. రెండు తప్పులూ ఒకే దిక్కున కూడతాయి. నేలమీద యాంటెనా దగ్గర ఇది ఇలా కనిపిస్తుంది: తుఫాను నడుస్తుండగా ఉపగ్రహం లెక్కకంటే ముందే వచ్చేస్తుంది, ఎందుకంటే కక్ష్య జారి వేగం పెరిగింది. తుఫాను తగ్గాక లెక్కకంటే ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే మనం ఊహించినంత జారలేదు. 2024 మే తుఫాను తరువాతి రోజుల్లో మా ఉపగ్రహం కూడా ఈ ఆలస్యాన్నే చూపింది. ఒక్క ఉపగ్రహానికి ఇది చిరాకు మాత్రమే. వేల ఉపగ్రహాలు ఒకేసారి ఎత్తు సవరించుకునే రోజున, ఢీకొనే ప్రమాదం లెక్కగట్టేవారికి ఇది చిరాకుతో పోదు. 1989 మార్చి తుఫానులో వెయ్యికి పైగా వస్తువుల ఆచూకీ తప్పిపోయి మళ్లీ వెదుక్కోవలసి వచ్చింది, అప్పుడు ఆకాశంలో ఇప్పటి రద్దీ ఎక్కడ?

చిన్న చిన్న సణుగుళ్లు ఇంకో రెండున్నాయి. సూర్యుడి స్థితికి ఎంసిస్ వాడే అంకె ఎఫ్10.7. కెనడాలోని పెంటిక్టన్ దగ్గర కొలిచే 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల తీవ్రత అది. దానికి 81 రోజుల సగటు కూడా కావాలి, ఆ సగటు మధ్యలో ఈ రోజు ఉండాలి. అంటే రాబోయే నలభై రోజుల విలువలు ఇవాళే తెలియాలి! పాత సమాచారం మీద పరీక్షించినప్పుడు మోడల్ అంత చక్కగా కనిపించడానికి ఈ ముందుచూపు కూడా ఒక కారణం. ఇవాళ్టి పనికి ఆ సగం మనం ఊహించి నింపాలి. రెండోది, మోడల్‌కు సంవత్సరం ఇచ్చినా పట్టించుకోదు, ఏడాదిలో ఎన్నో రోజన్నదే చూస్తుంది. సూచికలు ఒకటే అయితే 1975 మార్చి గాలీ 2025 మార్చి గాలీ దానికి ఒకటే. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఎగువ వాతావరణం చల్లబడి కుంచించుకుపోతుందని రోబుల్, డికిన్సన్ 1989లోనే చెప్పారు, ఆ తరువాత ఉపగ్రహాల ఈడ్పు లెక్కలు దాన్ని బలపరిచాయి. ఎంసిస్‌కు ఆ కబురు అందలేదు.

మరి వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. జేబీ2008 అనే మోడల్ తుఫానులను ఏపీతో కాక, భూమధ్యరేఖ ప్రాంతపు అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే డీఎస్‌టీ సూచికతో కొలుస్తుంది. పెద్ద తుఫానుల్లో దాని పనితనం నాకు ఎంసిస్ కంటే నచ్చింది, కానీ అది అడిగే నాలుగు రకాల సౌర సూచికలను సమకూర్చడం తలనొప్పి. ఫ్రాన్స్‌లో తయారైన డీటీఎం2020లోని పరిశోధన రూపం గంట గంటకూ వచ్చే సూచికను వాడుతుంది, కాబట్టి తుఫాను మొదలైన ఘడియను బాగా పట్టుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ చల్లదనాన్ని నిజంగా లెక్కవేసేవి భౌతిక సూత్రాల మీద నడిచే మోడళ్లే. టీఐఈజీసీఎం అలాంటిదే. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2021 నుంచి నడుపుతున్న వామ్-ఐపీఈ కూడా ఆ కోవలోదే. వాటిని సొంత కంప్యూటర్‌లో నడపడం అందరికీ అయ్యే పని కాదు. ఎంసిస్ ఒక బిందువుకు జవాబు రెప్పపాటులో ఇచ్చేస్తుంది. దాన్ని వదలలేకపోవడానికి అసలు కారణం ఇదే, మిగతావన్నీ సాకులు.

ఎవరికి పనికొస్తుంది? ఉపగ్రహం ఎన్నేళ్లు కక్ష్యలో ఉంటుందో అంచనా వేసే విద్యార్థులకు నిస్సందేహంగా తీసుకోమంటాను. తుఫాను వేళ రోజుకు ఎంత ఎత్తు పోతుందో తెలుసుకోవాలనుకునేవారు కూడా, స్విచ్చు -1 చేసి, తీసుకోవచ్చు. తుఫాను తగ్గాక రెండు మూడు రోజుల ముందస్తు స్థానం కిలోమీటరు లోపు కావాలంటే మాత్రం దీన్ని ఒంటరిగా నమ్మవద్దు. నేనైతే తుఫాను ముందటి ప్రశాంత దినాల్లో తేలిన ఈడ్పు గుణకాన్ని విడిగా దాచుకుంటాను, తుఫాను కొలతలను దానితో కలవనివ్వను. ఆ తరువాతి రోజుల్లో సాంద్రతకు వేరే సవరణ గుణకం పెట్టి, కొత్త కొలతలు వచ్చేకొద్దీ దాన్ని మారుస్తాను. అన్నట్టు, ఇదే మోడల్‌కు రంగుల గ్రాఫులు తగిలించి నెలవారీ చందాకు అమ్మేవారు కూడా తారసపడ్డారు. లోపల తొమ్మిదో స్విచ్చు ఏ విలువలో ఉందని అడిగితే జవాబు రాలేదు.

00 నుంచి 2.1కు మారేవారికి ఒక హెచ్చరిక. పాత రూపం మామూలుగా సాంద్రతను ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో ఇస్తుంది. కొత్త రూపంలోని ముఖ్య ప్రమేయం (ఫంక్షన్) ఘన మీటరుకు కిలోగ్రాముల్లో ఇస్తుంది. పాత ప్రోగ్రాములకు అనుకూలంగా దానితోపాటే ఇచ్చిన తొడుగు ప్రమేయం మళ్లీ పాత ప్రమాణాల్లోనే ఇస్తుంది. ఏది పిలుస్తున్నారో చూసుకోండి, తేడా వెయ్యి రెట్లు.